నీళ్లు లేకుండా ఈత పాసైన మేడం

పీటీ మేడం పోయిందని చెప్పడానికి రజియా ఫోన్ చేసినప్పుడు నేను డాబా మీద మామిడి ఒరుగులు ఆరబెడుతున్నాను. ఆ మాట వినగానే నాకు నవ్వు వచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వు వచ్చినందుకు భయమేసి ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాను. అవతల రజియా ముక్కు చీదిన చప్పుడు, దాని వెనకే ఆపుకోలేని నవ్వు వినబడ్డాయి. "నీకు గూడ బల్లలే గుర్తొచ్చినయా?" అని అడిగింది. అవ్ అన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం. మేడం దగ్గర ఏదైనా ఆ వరసలోనే జరిగేది, ముందు నవ్వు, తర్వాతే మిగతావి.

ఆమె పేరు రాయను. రాసినా పాల్వంచలో ఎవరికీ తెలియదు. మిషన్ బడిలో ఆడపిల్లలకు ఆటలు నేర్పి రిటైరైంది కాబట్టి మా కాలనీకీ, చర్చికీ, కూరగాయల బండి అతనికీ కూడా ఆమె పీటీ మేడమే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "పొద్దుగూకేదాక గ్రౌండ్‌లనే ఉంటుంటి. ఇంటికాడికి ఎవడొచ్చి చూసి పోయిండో నాకేం తెలుసు" అనేది. చీర కుచ్చిళ్లు చీలమండలకు బాగా పైన ఉండేవి. కింద తెల్ల మేజోళ్లు, మగపిల్లలు వేసుకునే కాన్వాస్ బూట్లు. మెడలో విజిల్, చంకలో గొడుగు. చర్చికి వెళ్లినా అదే వేషం. విజిల్ మాత్రం జాకెట్‌లోకి దోపుకునేది.

మేం పాల్వంచకు కొత్తగా వచ్చిన రోజులవి. మా ఆయనది పవర్ ప్లాంట్‌లో షిఫ్టు ఉద్యోగం. రాత్రంతా పని చేసి వచ్చి పగలు పడుకునేవాడు. ఆయన నిద్ర చెడకూడదని నేను ఆ ఇంట్లో మునివేళ్ల మీద నడవడం నేర్చుకున్నాను. గిన్నె మీద మూత పెట్టాలన్నా మధ్యలో గుడ్డ వేసి పెట్టేదాన్ని. ఫోన్‌లో మా అమ్మతో కూడా గుసగుసలే. గొంతు బాగాలేదా అని ఆమె ప్రతిసారీ అడిగేది. అలాంటి ఒక ఎండాకాలపు పొద్దున నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే కింద రోడ్డు మీద ఒక పెద్దావిడ ఆగి నా వైపు చూసి విజిల్ ఊదింది. నేను అదిరిపడ్డాను.

"ఏమ్మా, నీ మోకాళ్లు మంచిగనే ఉన్నయా?" అని అడిగింది.

బాగానే ఉన్నాయని తలూపాను.

"మరి ఆడెందుకు నిలబడ్డవ్? దిగిరా."

విజిల్‌కు లేచిన మా ఆయన కళ్లు నులుముకుంటూ బాల్కనీలోకి వచ్చాడు. ఆమె కిందనుంచే అతనికి సమాధానం చెప్పేసింది. నువ్వు పండుకో బాబూ, ఈమెను తీస్కపోతున్న, ఎండెక్కేలోపు తెచ్చి అప్పజెప్త అంది. ఎవరావిడ అని ఆయన నన్ను అడిగాడు. నాకు తెలియదని చెప్పి చెప్పులు వేసుకుని దిగిపోయాను. ఎందుకు దిగానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆ విజిల్‌లో కాదనడానికి జాగా లేదు.

అలా నేను ఆమె వేసవి బృందంలో పడ్డాను. దానికి పేరూ లేదు, బోర్డూ లేదు. ఎండాకాలం సెలవుల్లో కాలనీ ఆడవాళ్లను ఇళ్లలోంచి లాగి అడవి అంచులకు తీసుకుపోవడం, నడిపించడం, ఆడించడం, అలిసిపోయాక తిండి పెట్టించడం, ఇదే దాని పని. అందరం టిఫిన్ డబ్బాలతో ఒక వ్యాన్‌లో కిన్నెరసాని వైపు పోయేవాళ్లం. ఇంకో వారం పర్ణశాల దగ్గర గోదావరి ఇసుక తిన్నెల మీద కబడ్డీ. కబడ్డీలో మేడమే అంపైరు, మేడమే ఒక జట్టు కెప్టెన్. ఆమె జట్టు ఎప్పుడూ ఓడిపోలేదు. దీని మీద ఒకసారి గొడవ కూడా అయింది. గొడవలో తీర్పు చెప్పింది కూడా మేడమే.

విజిల్‌కు ఆమె ఒక భాష పెట్టింది. పొడుగ్గా ఊదితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగి నిటారుగా నిలబడాలి. రెండుసార్లు పొట్టిగా ఊదితే చుట్టూ చేరాలి. మూడుసార్లు ఊదితే తినాలి. ఈ భాష మాకెవరికీ రాలేదు. ఎలా ఊదినా ఎవరో ఒకరు టిఫిన్ మూత తీసేవాళ్లు. బడిలో పిల్లలు కూడా ఇంత తిండిపోతులు కారని ఆమె కోప్పడేది, కోప్పడుతూనే పక్క డబ్బాలోంచి పూరీ తీసుకునేది.

వ్యాన్ కదిలేముందు ప్రార్థన చేసేది. మాలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరం ఉండేవాళ్లం. ఆమె కళ్లు మూసుకోమంటే అందరం మూసుకునేవాళ్లం. ఎందుకంటే ఆమె ఎవరినీ మొహం మీద తిట్టేది కాదు. ప్రభువు ద్వారా తిట్టేది. నాకు కంఠతా వచ్చిన ఒక ప్రార్థన ఇలా ఉండేది:

"తండ్రీ, తెల్లారకముందే లేచొచ్చిన ఈ బిడ్డలను దీవించు. అందర్నీ వ్యాన్‌ల కూసోబెట్టి ఇప్పుడే తల దువ్వుకుంట వచ్చిన బిడ్డను గూడ క్షమించు. ఫోన్‌ల అలారం అనేది ఒకటుంటదని ఆమెకు బయలుపరచు. పోయిన వారం ఇడ్లీ తెస్తనని చెప్పి ఉప్మా తెచ్చిన చెల్లెకు మాట నిలబెట్టుకునే శక్తినియ్యి. డ్రైవర్ చేతికి నెమ్మదియ్యి, ఆమెన్."

తల దువ్వుకుంటూ వచ్చింది నేను. ఉప్మా తెచ్చింది రజియా. రజియా ప్లాంట్‌లో కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేసేది, ఎదురింట్లోనే ఉండేది. కళ్లు మూసుకుని ఒకరి మోచేతిని ఒకరం పొడుచుకుంటూ నవ్వాపుకోవడంతో మా స్నేహం మొదలైంది. నేను మళ్లీ బిగ్గరగా నవ్వింది ఆ వ్యాన్‌లోనే. నవ్వి, అలవాటుకొద్దీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే మేడం నా చెయ్యి కిందికి లాగేసింది. ఈడ ఎవ్వరూ పండుకుంటలేరు అంది. మా ఇంటి సంగతి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. నిద్ర మొహంతో బాల్కనీలోకి వచ్చిన మనిషిని చూసి ఆమే అర్థం చేసుకుంది.

అడవి గురించి ఆమెకు తెలిసింది తక్కువ, చెప్పేది ఎక్కువ. పక్షులన్నీ ఆమె లెక్కలో రెండే రకాలు, పిచుక జాతి, కొంగ జాతి. నీలం రెక్కల పాలపిట్టను చూపించి అడిగితే పిచుక జాతి అంది. నెమలిని చూపిస్తే చాలాసేపు ఆలోచించి కొంగ జాతిలో వేసింది. మరి కాకి అని రజియా అడిగింది. "కాకి కాకే. దాంతోని పెట్టుకోకు" అంది మేడం. అడవిలో ఆమె వెంట ఇన్నేళ్లు తిరిగినా మాకు ఒక్క జంతువు కూడా కనబడలేదు. కనబడదు మరి. జంతువుల సంగతి చెప్పడానికి కూడా ఆమె గ్రౌండ్ ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడే గొంతుతోనే చెప్పేది.

ఇక బల్లల సంగతి.

ఒక వేసవి ఆరంభంలో మేడం మా అందరికీ ఈత నేర్పుతానని ప్రకటించింది. మేం వాగుకు పోతామనుకుని పాత చీరలు సర్దుకున్నాం. ఆమె మమ్మల్ని చర్చి వెనక సండే స్కూలు గదికి తీసుకుపోయింది. అక్కడ పొడుగు బల్లలు వరసగా వేసి ఉన్నాయి. వాటి మీద బోర్లా పడుకోమంది. పడుకున్నాం. చేతులు ముందుకు, కాళ్లు వెనక్కి, మొహం పక్కకు, గాలి పీల్చు, వదులు. బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, కాలు వంగినవాళ్లకు గొడుగు కొసతో తట్టి చెబుతూ రోజూ పొద్దున గంటసేపు మాతో గాలిని ఈదించింది. నీళ్లలో ఎప్పుడు దిగుతామని అడిగితే, గాలిల వస్తే నీళ్లల అదే వస్తది, నీళ్లదేముంది అనేది. ప్రార్థన కూటమి అనుకుని తాళం ఇచ్చిన పాస్టర్‌గారు ఒకరోజు తలుపు తీసి చూసి, ఇంతమంది ఆడవాళ్లు బల్లల మీద కాళ్లు కొట్టుకోవడం కనబడి, తలుపు మళ్లీ దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

విచిత్రమేమిటంటే మాకు ఈత వచ్చింది. వాగులో దిగాక మొదట మునిగాం, తాగాం, దగ్గాం. తర్వాత చేతులు వాటంతటవే ముందుకు పోయాయి. రజియా అయితే చేప. నేను చేప కాదుగానీ మునగను. మేడం ఎప్పుడూ ఒడ్డున బండ మీద గొడుగు వేసుకుని నిలబడి చెప్పేది. ఆమె నీళ్లలో దిగకపోవడం మాకు వింతగా తోచలేదు. అంత బాగా నేర్పే మనిషికి దిగాల్సిన అవసరమేముంది? పైగా మాలో ఒక కథ పుట్టింది. మేడం వయసులో ఉన్నప్పుడు భద్రాచలం దగ్గర గోదావరి ఈదిందట అని ఒకరన్నారు. వరదలో ఈదిందట అని మరొకరు. నా చెవికి వచ్చేసరికి వీపు మీద మేకపిల్ల కూడా చేరింది. ఈ కథ ఆమె ముందు చెబితే ఆమె అవునని అనేది కాదు, కాదని అనేది కాదు. గొడుగు కొంచెం పక్కకు వాల్చి ఎటో చూస్తూ చిన్నగా నవ్వేది. మేకపిల్లను కూడా ఆ నవ్వుతోనే ఒప్పేసుకుంది.

అలా కొన్ని వేసవులు గడిచాయి. కొన్నేళ్ల కిందట, ఒక మే నెలలో, పినపాక వైపు అడవిలో ఒక వాగుకు పోయాం. ఎండాకాలమైనా అక్కడ ఒక మలుపులో నీళ్లు నిలిచి ఉంటాయి. బీడీల కోసం తునికాకు కోసుకుని వస్తున్న ఊరి ఆడవాళ్లు కొందరు కట్టలు దించుకుని చెట్టు నీడన కూర్చుని మా సర్కస్ చూస్తున్నారు. ఆ ఏడాది మా బృందంలో స్వప్న అని కొత్తమ్మాయి చేరింది. కొత్తగా పెళ్లై కాలనీకి వచ్చింది. చేతిలోంచి ఫోన్ దించేది కాదు. నీళ్లంటే భయమని ఒడ్డునే కూర్చుని, మేడం ఒక్కసారి మీరు దిగి చూపిస్తే నాకు ధైర్యం వస్తది అని అడిగింది. అడిగితే అడిగింది, మేమంతా కూడా అవును మేడం, అవును మేడం అని అందుకున్నాం. గోదావరి ఈదిన మనిషి వాగులో దిగితే చూడాలని మాకూ ఎప్పటినుంచో కోరిక.

మేడం మొదట నీళ్లు చల్లగా ఉన్నాయంది. మే నెలలో ఆ నీళ్లలో చాయ్ కాచుకోవచ్చు. తర్వాత ఇప్పుడే తిన్నానంది. మేజోళ్లు తడిస్తే ఆరవంది. బీపీ అంది. ఇన్ని కారణాలు ఆమె నోట మేం ఎప్పుడూ వినలేదు. మా సాకులను ఊది పారేసే మనిషి అలా వరసగా సాకులు చెబుతుంటే, వేళాకోళం చేస్తోందనుకుని ఇంకా నవ్వాం. అప్పుడే వడగాలి ఒకటి లేచి ఆమె గొడుగును ఎత్తుకుపోయింది. ఆమె దాన్ని అందుకోబోయింది. బండ మీద నాచు ఉంది. గొడుగు ఒక పక్కకు, మేడం ఒక పక్కకు వాగులో పడ్డారు.

మొదట మేం చప్పట్లు కొట్టాం. దిగి ఈత చూపిస్తోందనుకున్నాం. కానీ ఆమె చేతులు ముందుకు పోవడం లేదు, పైకి పోతున్నాయి. తల తేలినప్పుడల్లా "ప్రభువా" అనే మాట సగం వినబడుతోంది, మిగతా సగం నీళ్లలో కలుస్తోంది. రజియా దూకి దగ్గరికి పోయింది. మేడం రెండు చేతులతో రజియా మెడ పట్టుకుంది. అంతే, ఇద్దరూ కిందికి పోయారు. నేను దూకి చెయ్యి లాగబోతే పిడికిలి ఒకటి నా ముక్కు మీద పడింది. జీవితమంతా గుంజీలు తీయించిన చేతులవి, విడిపించుకోవడం ఎవరి తరమూ కాలేదు. రజియా మొహం ఎర్రబడి పైకి వచ్చింది, మళ్లీ మునిగింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఇద్దరూ నా కళ్ల ముందే పోతారనుకున్నాను.

రెండోసారి పైకి వచ్చినప్పుడు రజియాకు మేడం మెడలో విజిల్ చేతికి తగిలింది. ఏం తోచిందో, దాన్ని నోట్లో పెట్టుకుని ఉన్న ఊపిరంతా పెట్టి పొడుగ్గా ఊదింది.

మేడం ఆగిపోయింది.

చేతులు వదిలేసి, కాళ్లు కింద పెట్టి, నిటారుగా, అటెన్షన్‌లో నిలబడింది. నీళ్లు ఆమె నడుము దాకా వచ్చాయి.

మేడం కిందికి నీళ్లవైపు చూసింది, మమ్మల్ని చూసింది. రజియా మెడ పట్టుకుని దగ్గుతోంది. నా ముక్కులోంచి రక్తం కారుతోంది. చెట్టు కింద తునికాకు ఆడవాళ్లలో ఒకామె తమ భాషలో ఏదో అంది, మిగతావాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. స్వప్న ఒడ్డు నుంచి మెల్లగా, "మేడం, మీకు ఈత రాదా?" అని అడిగింది.

మేడం ఒడ్డుకు వచ్చి, చెంగు పిండుకుని, కళ్లు మూసుకుంది. మేం కూడా మూసుకున్నాం. ఆమె చేసిన ప్రార్థనల్లో అన్నిటికంటే చిన్నది అదే.

"తండ్రీ, వీళ్లు ఎవరికీ చెప్పకుండ చూడు. ఆమెన్."

ఆ ఒక్క ప్రార్థన ఫలించలేదు. స్వప్న ఫోన్‌లో అంతా పడింది. ఆ పిల్ల చెడ్డదేమీ కాదు, వాళ్ల అక్కకు నవ్వుకోవడానికి పంపింది. అక్క ఇంకెవరికో పంపింది. సాయంత్రానికి మా ఆయన ప్లాంట్ నుంచి ఫోన్ చేసి, మీ మేడం అటెన్షన్ భలే ఉందని నవ్వాడు. మర్నాడు మా వాట్సాప్ గ్రూపులోంచి మేడం తప్పుకుంది. తర్వాతి ఆదివారం వ్యాన్ దగ్గరికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

మేం సొంతంగా ఒకసారి వెళ్లి చూశాం. పొద్దెక్కాక బయల్దేరాం. చెట్టు కింద దుప్పట్లు పరుచుకున్నాం. తిన్నాం, ఫోన్లు చూసుకున్నాం, మళ్లీ తిన్నాం. ఎవరూ లేచి పరిగెత్తలేదు, ఎవరి చీరకూ మట్టి అంటలేదు. తిరుగు దారిలో వ్యాన్‌లో అందరం మర్యాదగా మాట్లాడుకున్నాం. ఇంటికి వచ్చి నేను గిన్నె మీద మూత చప్పుడు కాకుండా పెట్టాను. పెట్టిన తర్వాత నా చెయ్యి చూసుకున్నాను. ఆ రోజే రజియా ఇంటికి పోయి, మనం మేడం దగ్గరికి పోవాలి అన్నాను.

ఆమె చర్చి సందులో చిన్న ఇంట్లో ఉండేది. తలుపు తీసి మమ్మల్ని చూసి కూర్చోమంది. మెడలో విజిల్ లేదు. కాళ్లకు రబ్బరు చెప్పులు. ఆమె పాదాలు మేం చూడటం అదే మొదటిసారి. చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. స్వప్న వచ్చి ఏడ్చి వెళ్లిందనీ, దాని తప్పేమీ లేదని చెప్పి పంపాననీ అంది. తర్వాత తనే మొదలుపెట్టింది.

"నేను గోదావరి ఈదిన అని ఎన్నడన్న చెప్పిననా?"

లేదు మేడం అన్నాం.

"ఈదలే అని గూడ చెప్పలే. గదే తప్పు. మంచిగనిపించింది, ఊకున్న."

అసలు సంగతి అప్పుడు చెప్పింది. ఆమె పీటీ ట్రైనింగ్ చేసిన చోట ఈత కొలను లేదు. కానీ సిలబస్‌లో ఈత ఉంది. అందుకని దాన్ని పరీక్షలో రాయించారు. చేతులు ఎటు, కాళ్లు ఎటు, ఊపిరి ఎప్పుడు, బొమ్మ గీసి వివరించుము. ఈమె పుస్తకం బట్టీ పట్టి రాసింది. క్లాసు మొత్తంలో ఈమెకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ మాట చెప్పేటప్పుడు అంత బాధలోనూ వెన్ను నిటారుగా పెట్టింది. "నీళ్లు లేకుంటనే ఈత పాసైన" అంది. అనేసి, తను ఏమందో తనకే వినబడినట్టు ఆగింది. మేం ఇద్దరం చాయ్ గ్లాసుల్లోకి చూస్తూ నవ్వాపుకోలేక చచ్చిపోతున్నాం. మేడం మా వైపు చూసింది. "నవ్వుండ్రి, నవ్వకపోతే కడుపు నొస్తది" అంది. ముందు నవ్వింది కూడా ఆమే.

నవ్వు తగ్గాక రజియా లేచి, గోడవారగా ఉన్న బల్లను మధ్యకు లాగింది. పడుకోండి మేడం అంది. ఏందే, నాకే నేర్పుతవా అంటూనే మేడం బోర్లా పడుకుంది. రజియా చుట్టూ తిరుగుతూ చేతులు ముందుకు, కాళ్లు వెనక్కి అని చెప్పింది. మేడం చేతులూ కాళ్లూ అచ్చం పుస్తకంలోలా కదిలాయి. గాలిలో ఆమె అంత బాగా మాలో ఎవరమూ ఈదలేదు.

నీళ్లలో మాత్రం అంత చెడ్డ విద్యార్థిని నేను చూడలేదు. కిన్నెరసాని వైపు మనుషులు రాని ఒక చోట చూసుకుని, తెల్లవారుజామున ముగ్గురమే ఆటోలో పోయేవాళ్లం. చీర వదిలి పంజాబీ డ్రెస్ వేసుకోమంటే ఒప్పుకోలేదు. చీరకు పైనుంచి కిందిదాకా పిన్నీసులు పెట్టుకుని వచ్చేది. నేను నడుము కింద చెయ్యి పెట్టి పట్టుకుంటే, పట్టుకునేది అట్ల కాదని నాకు పాఠం చెప్పేది. ఆమె మునిగితే తప్పు మాదే. ఒక్కోసారి నీళ్లది కూడా. ఇవి నా మాట వింటలెవ్వు అని వాగు మీద ఫిర్యాదు చేసింది. భయం ఎక్కువైనప్పుడు నా జుట్టు పట్టుకునేది. ఆ నెలలో నా జుట్టు సగం ఊడిందని మా ఆయన అన్నాడు. నేను ఎక్కడికి పోతున్నానో చెబితే ఆయన నవ్వలేదు. పోయి రా, నేను వంట చేస్తాలే అన్నాడు.

తొలకరికి కొద్దిగా ముందు, ఒక పొద్దున, ఆమె నా చేతి మీద వెల్లకిలా ఉంది. ఎప్పట్లాగే ఏదో వాదిస్తోంది. రజియా నాకు కళ్లతో సైగ చేసింది. నేను చెయ్యి కొద్దికొద్దిగా కిందికి దించాను. తర్వాత తీసేశాను. మేడం తేలుతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆమెకు నా చెయ్యి లేదని తెలిసింది. మాట ఆగిపోయింది. చీర కొంగు ఒక పక్కన పరుచుకుని ఉంది, చెవుల దాకా నీళ్లు ఉన్నాయి, పైన ఇంకా తెల్లబడని ఆకాశం ఉంది. ఏదో పెద్ద పక్షి చెట్ల మీదుగా పోయింది. ఇన్నేళ్లలో ఆమె నోరు విప్పకుండా ఉండటం మేం ఎరగం. భయపడుతోందేమోనని, మేడం, ఎట్లుంది అని అడిగాను.

"సప్పుడు చెయ్యకుండ్రి" అంది, గొంతు తగ్గించి.

మేం చెయ్యలేదు. ఎంతసేపని చూడలేదు. అంత పెద్ద గొంతు మనిషికి నెమ్మదిగా మాట్లాడటం కూడా వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాతి ఆదివారం మేడం వ్యాన్ ఎక్కింది. ప్రార్థనలో స్వప్న ఫోన్ బ్యాటరీని ఖాళీ చేయమని ప్రభువును వేడుకుంది. వాగు దగ్గర అందరినీ ఒడ్డున నిలబెట్టి, పిన్నీసుల చీరతో దిగి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదింది. మధ్యలో దారి తప్పి బయల్దేరిన గట్టుకే వచ్చి చేరింది. అయినా లేచి రెండు చేతులు పైకెత్తింది. మేం ఈలలేసి చప్పట్లు కొట్టాం. మేడం మాత్రం, నాకు ఈత వచ్చి ఇంకా వారం కాలేదు, ఇంతకుముందు రాదు, గోదావరిని నేను పడవలనే దాటిన, మేకపిల్ల ఎవరిదో నాకు తెల్వదు అని అక్కడే చెప్పేసింది. స్వప్న ఫోన్ పక్కన పెట్టి నీళ్లలో దిగింది ఆ రోజే.

తర్వాత ఆమెకు మోకాళ్లు మొండికేశాయి. ఒంటరిగా ఉండలేక జూలూరుపాడులో చెల్లెలి ఇంటికి పోయింది. నేను ఆఖరుసారి చూసింది అక్కడే, ఈ ఏడాది చలి వెళ్లిపోయే రోజుల్లో. బస్సు దిగి ఇల్లు అడిగితే ఎవరూ దారి చెప్పలేదు, అందరూ నవ్వి, గొంతు వినబడే వైపు పొమ్మన్నారు. పోయి చూస్తే మేడం వీధి మధ్యలో ఒక పాత లేడీస్ సైకిల్ పట్టుకుని నిలబడి ఉంది. చెల్లెలు గేటు దగ్గర నిలబడి నెత్తి కొట్టుకుంటోంది. చుట్టుపక్కల అరుగుల మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు.

మోకాళ్లకు మంచిదని దవాఖానాలో డాక్టర్ సైకిల్ తొక్కమన్నాడట. ఇంట్లో ఒకచోట నిలబెట్టి తొక్కే సైకిల్ అని ఆయన ఉద్దేశమని చెల్లెలు మొత్తుకుంటోంది. మేడం నన్ను చూసి మొహమంతా విప్పార్చి, అరుగుల మీదివాళ్లందరికీ వినబడేలా చెప్పింది.

"గీమెనే నాకు ఈత నేర్పింది. ఇగ సైకిల్ గూడ నాకు రాదు, గది గూడ గీమెనే నేర్పుతది."

నాకు వద్దనడానికి జాగా దొరకలేదు. వెనక క్యారియర్ పట్టుకున్నాను. ఆమె ఎక్కింది. వదలకు అంటే వదలనన్నాను. ఆ వీధి ఒక పెద్ద చుట్టు, ఎక్కడ బయల్దేరితే అక్కడికే వచ్చి చేరుతుంది. కొంత దూరం పరిగెత్తాక నాకు ఆయాసం వచ్చింది, వదిలేశాను. ఆమె పోతూనే ఉంది. సందు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. నేనూ చెల్లెలూ గేటు దగ్గర నిలబడి చూస్తున్నాం. కాసేపటికి అటువైపు నుంచి వచ్చింది. చీర కుచ్చిళ్లు ఎగురుతున్నాయి, కళ్లు పెద్దవయ్యాయి.

"దిగుడెట్ల?" అని అరుస్తూ మా ముందు నుంచి వెళ్లిపోయింది.

బ్రేక్ పట్టుకోమని ఇద్దరం ఒకేసారి అరిచాం. ఆమెకు వినబడలేదు. మళ్లీ చుట్టు తిరిగి వచ్చింది. దిగుడెట్లనే అని మళ్లీ అడిగింది. ఈసారి అరుగుల మీదివాళ్లు కూడా తలా ఒక మాట అరిచారు. ఆమె మలుపు తిరిగింది. ఆమె వచ్చేలోపు అడ్డం నిలబడి పట్టుకోవాలని నేను వీధి మధ్యలోకి నడిచాను.

వచ్చింది. ఈసారి అడగలేదు. నన్ను తప్పించుకుని, చెల్లెలివైపు ఒకసారి తలూపి, గంట కొట్టుకుంటూ ముందుకు పోయింది.